బాలీ ఎందుకు బాబూ, మాచర్ల బస్సు ఉండగా!

ఈమధ్య మన హీరోగారికి ప్రేమ పుడితే చాలు, నిర్మాతగారికి విమానం టిక్కెట్ల ఖర్చు పుట్టుకొస్తోంది. పల్లవి బాలీలో, చరణం మాల్దీవుల్లో! అలాంటి పాటేదో చూసొచ్చి మా నరసరావుపేట మిత్రుడొకడు "జన్మకో సెలవు దీవిలో గడపాలిరా" అని నిట్టూర్చాడు. "పద, రేపే పోదాం" అన్నాను. పాస్‌పోర్టు లేదన్నాడు. మాచర్ల బస్సుకి పాస్‌పోర్టెందుకండీ!

నాగార్జునకొండ సంగతే చెబుతున్నాను. మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి రేవులో లాంచీ ఎక్కడమే. సుమారు గంట ప్రయాణం. ఒక్కటి గుర్తుంచుకోండి, శుక్రవారం మ్యూజియానికి సెలవు. శుక్రవారం కొత్త సినిమా, శనివారం పాత రాజధాని... ఈ టైంటేబులెవరో మనకోసమే వేసినట్టున్నారు.

లాంచీ కదిలిందో లేదో, మావాడు నల్లకళ్ళద్దాలు తగిలించి, ముందు కొసన చేతులు చాపి నిలబడ్డాడు. సెల్‌ఫోను నా చేతిలో పెట్టాడు. "కొండ పడాలి, జుట్టు ఎగరాలి" అంటూ దర్శకత్వం కూడా తనదే. మా పక్కన మనవరాలితో ఒక అవ్వ కూర్చుని ఉంది. డెబ్భై అయిదు దాటి ఉంటాయి. సగం దూరం వచ్చాక కొంగుముడి విప్పి, పసుపూ కుంకుమా రెండు బంతిపూలూ తీసి నీళ్ళలో వేసింది.

"కృష్ణమ్మకా అవ్వా?" అన్నాడు మావాడు హుషారుగా.

"కాదు నాయనా, మా ఇంటికి. ఈ కిందే యాడో ఉండాల మా వాకిలి."

మావాడు కళ్ళద్దాలు తీసేశాడు.

నిజానికిది పుట్టు దీవి కాదు. లోయ మధ్య కొండ. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగర్ డ్యాముకి శంకుస్థాపన చేశారు. 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. మన పొలాలకి నీళ్ళొచ్చాయి, అవ్వ వాకిట్లోకీ నీళ్ళొచ్చాయి. ఆవిడ ఇల్లే కాదు, ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కూడా ఉంది. మూడు, నాలుగు శతాబ్దాల నాటి ఊరు. 1926లో బయటపడింది. మునిగిపోతుందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవారు గడియారంతో పందెం వేసినట్టు తవ్వారు. దొరికిన శిల్పాలనీ, కొన్ని కట్టడాలనీ కొండెక్కించారు. 1966లో మ్యూజియం తెరిచారు.

పల్నాడనగానే సినిమావాళ్ళకి కత్తులూ కోడిపందేలూ తప్ప మరోటి తోచదు. 'పల్నాటి యుద్ధం' 1947లో ఒకసారి, 1966లో మరోసారి తీశారు. బాగానే తీశారు, కాదనను. కానీ ఆ యుద్ధానికి సుమారు తొమ్మిది వందల ఏళ్ళ ముందే ఇక్కడ వేరే కథ నడిచింది. రాజుగారు యజ్ఞాలు చేస్తుంటే ఆయన తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధుల మహాచైత్యానికి విరాళాలు పోసింది. ఆ రోజుల్లో లేడీ ప్రొడ్యూసరన్నమాట! ఇక్కడి శాసనంలో సింహళ విహారం పేరుంది. అంటే మనం దీవులకి పరుగెత్తడం కాదు, దీవివాళ్ళ పేరే మన ఊళ్ళో వెలిసింది.

మ్యూజియంలో పెద్ద బుద్ధుడి ముందు అందరూ ఆగుతారు. మీరు మాత్రం పొడుగు రాతిపట్టీల దగ్గర కూడా ఆగండి. బుద్ధుడి కథ వరసగా చెక్కి ఉంటుంది. ఒక ఘట్టం అయ్యాక ఒక ప్రేమజంట, మళ్ళీ ఘట్టం, మళ్ళీ జంట. సీనుకీ సీనుకీ మధ్య డ్యూయెట్! మన ఫార్ములా పదిహేడు వందల ఏళ్ళ నాటిదని నాకప్పుడే తెలిసింది. అటు తిరిగితే సిథియన్ సైనికుడొకడు పొడుగు కోటూ టోపీతో నిలబడి ఉంటాడు. పల్నాటి ఎండలో ఆ కోటేమిటో!

తిరుగు లాంచీ వేళ ముందే అడిగి పెట్టుకోండి. టైముంటే రోడ్డు మీద అనుపు వెళ్ళండి. నాలుగువైపులా మెట్లతో ఉన్న పాత రంగస్థలాన్ని నీళ్ళపాలు కాకుండా తెచ్చి అక్కడ మళ్ళీ కట్టారు. మధ్యలో నిలబడి మీ అభిమాన డైలాగొకటి కొట్టి చూడండి. ఎత్తిపోతల కూడా దగ్గరే. చంద్రవంక డెబ్భై అడుగుల నుంచి దూకుతుంది, కానీ వానలు పడ్డాకే దాని అందం.

మేం కొండంతా తిరిగొచ్చేసరికి అవ్వ రేవు దగ్గర వేపచెట్టు కిందే కూర్చుని ఉంది. పైకి రాలేదట. "రాళ్ళు చూట్టానికి రాలేదయ్యా" అంది.

మావాడు కాసేపు తటపటాయించి, "అవ్వా, ఒక ఫోటో తియ్యనా?" అన్నాడు.

"నన్నెందుకు? అదిగో, ఆ నీళ్ళని తియ్యి."

తీశాడు. మనవరాలి ఫోనుకి పంపించాడు. ఆ రోజు తీసిన డెబ్భై చిల్లర ఫోటోల్లో మావాడు లేని ఫోటో అదొక్కటే.