గంపక్రింది నష్టము

తన కోడియు, తన కుంపటియు లేనిదే ఊరికి తెల్లవారదని తలచిన అవ్వను చూచి లోకము నవ్వినది. కర్ణాటక సరిహద్దునగల విడపనకల్లువంటి అనంతపురము మెట్టగ్రామములలో మాత్రము ఆ సామెతను కొంచె మాలోచించి వాడవలెను. ఏటి సగటు వర్షము 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండు ఈ సీమలో చేను ఎండినను, కూలి దొరకకున్నను, పెరటిలోని పది కోళ్ళు ఇల్లాలిచేత నాలుగు రూకలు నిలుపును. బిడ్డకు నోటుపుస్తకము, ముసలివానికి మందు, చుట్టము వచ్చిననాడు కూర ఆ గంపక్రిందనుండియే వచ్చును.

పెరటికోడికి ఖర్చు లేదందురు. చింత లేదని మాత్రము ఎవ్వరును అనజాలరు. పెట్ట 21 దినములు పొదిగి పిల్లలను దింపిననాటినుండి ఇల్లాలి చూపు ఆకాశముమీదనే యుండును. పగలు గద్ద తన్నుకొనిపోవునవి కొన్ని. రాత్రి పిల్లి ఎత్తుకొనిపోవునవి కొన్ని. ఈ నష్టములు ఒకటొకటిగా వచ్చును గనుక మనస్సు ఓర్చుకొనును.

ఓర్వరానిది కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌నందును, పిదప కొలదికాలమునకే మనదేశమున రాణిఖేత్‌నందును కనిపించి, ఆ ఊళ్ళ పేర్లతోనే శాస్త్రజ్ఞులలో ప్రసిద్ధికెక్కినది. రెక్కలు వాలును, పచ్చగా పారును, మెడ వంకరపోవును. టీకా పడని మందలో ఒక్కటియు మిగులకపోవచ్చును. సోకిన పిమ్మట మందు లేదు. పొరుగింట తెగులని వినగానే జబ్బుకోడినైనను సంతకు చేర్చి, వచ్చినంత సొమ్ము చేసికొనువారు కలరు. ఆ కోడితోపాటు తెగులును మరియొక ఊరు చేరును.

ముందుగా వేయించుటకు టీకా కలదు. కాని దానిని చల్లగా నుంచవలెను. కలిపిన రెండుగంటలలోగా వాడవలెను. సీసాలో సాధారణముగా నూరుకోళ్ళకు సరిపడు మందుండును. పది కోళ్ళుగల ఇల్లాలు ఒంటరిగా సీసా విప్పించిన తొంబదిపాళ్ళు వ్యర్థము. కనుక ఆమె వేయించదు, పొరుగామెయు వేయించదు. ఊరు నష్టపోవుటకు తెగులెంత కారణమో, ఎవరి గంప వారిదే యను తలంపు అంత కారణము.

ఆఫ్రికాలోని మొజాంబిక్, టాంజానియా గ్రామములలో వేడిమిని కొంత తట్టుకొను ఐ-2 టీకాను, ఆ ఊరివారే నేర్చుకొని, నాలుగునెలల కొకమారు ఇంటింటికి వేయుచున్నారు. టీకా గుణమెంతయో, కట్టుబాటు గుణము నంతయే.

2019నాటి పశుగణన దేశమున పెరటికోళ్ళు 31 కోట్లకు పైబడినవని తేల్చినది. బ్రతికినవానికి లెక్క కలదు. ఒక్క రాత్రిలో ఖాళీయైన గంపకు లెక్క యెక్కడ? ఈ లెక్క పాఠశాలలో మొదలు కావచ్చును. ఏ వీధిలో ఎన్ని కోళ్ళున్నవో పిల్లలు వ్రాసికొనివచ్చిన, నూటికెన్ని ఇండ్లు కలియవలెనో గణితపాఠమే చెప్పును. ఆ కాగితముతో పశువైద్యశాలకు పోయి, ఊరంతటికి ఒక దినము నిర్ణయింపుమని ఉపాధ్యాయుడు అడుగవచ్చును. గద్దకు అదుపు లేకపోవచ్చును గాని తెగులుకు కలదు. అది పది యిండ్లు ఒక్క ఉదయమున కలిసివచ్చుటలో నున్నది.