ఫీచర్ కాదు.. ఇబ్బంది చెప్పండి!

వేలమంది అడిగినా డెవలపర్లు కదలకపోవచ్చు. గూగుల్‌లో పుట్టిన గో లాంగ్వేజే ఇందుకు ఉదాహరణ. 2009లో అది బయటికొచ్చినప్పటి నుంచీ జెనరిక్స్ కావాలని యూజర్లు అడుగుతూనే ఉన్నారు. ఒకే ఫంక్షన్‌ని ఇంటీజర్‌కోసారి, స్ట్రింగ్‌కోసారి రాసే తిప్పలు తప్పించే సదుపాయమది. వచ్చింది మాత్రం 2022 మార్చిలో, 1.18 వెర్షన్‌తో!

టీమ్‌ది మొండితనం అనుకుంటే పొరపాటే. జెనరిక్స్ పెడితే కంపైలర్ నెమ్మదించొచ్చు, భాష సంక్లిష్టం కావొచ్చు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడమూ కష్టమే. అప్పట్లో టీమ్ సభ్యుడైన ఇయాన్ లాన్స్ టేలర్ రాసిన తొలి డిజైన్లే పక్కకెళ్లిపోయాయి. గోలో తర్వాతి మార్పుల కోసం 2017లో రస్ కాక్స్ యూజర్లను అడిగింది కూడా ఫీచర్ల చిట్టా కాదు, అనుభవాలు. ఏం చేయాలనుకున్నారు, చివరికి ఏం చేశారు, అదెందుకు సరిపోలేదు? నిజమైన ఉదాహరణలతో చూపించమన్నారు.

రేపు ఉద్యోగంలో మీకూ ఇదే సూత్రం. ‘డౌన్‌లోడ్ బటన్ పెట్టండి’ అంటే ఆ టికెట్ మూలన పడుతుంది. ‘రోజూ 200 వరసలు చేత్తో కాపీ చేస్తున్నాం, గంట పోతోంది, తప్పులు దొర్లుతున్నాయి’ అని రాస్తే ఆలోచిస్తారు. బటన్‌కన్నా తేలికైన దారి వాళ్లే చూపించొచ్చు. కుదరదంటే వాదించకండి, కారణం అడగండి. ఫైనలియర్ ప్రాజెక్టులో టీమ్‌మేట్‌ని ఇలా ఒప్పించిన సందర్భం ఉంటే దాచుకోండి. ‘టీమ్‌లో అభిప్రాయభేదం వస్తే ఏం చేశారు?’ అనే ఇంటర్వ్యూ ప్రశ్నకు అదే మీ జవాబు.