కనిపించే మట్టి, కరిచే మట్టి

మనిషిని తలపాగా చూసి, చెప్పులు చూసి, చంకలోని గొడుగు చూసి అంచనా వేసిన కాలం ఒకటుండేది. ఆ పని ఇప్పుడు మోటారు సైకిలు చేస్తున్నది. బండి తళతళ మెరిస్తే మనిషి పద్ధతైనవాడు. మెరవకపోతే బద్ధకస్తుడు, పిసినారి, పైగా ఇంట్లో ఎవరి మాటా వినని మొండి. ఇంత పెద్ద తీర్పు ఇవ్వడానికి మనవాళ్లకు అర నిమిషం చాలు. హోటలు ముందు బండికి స్టాండు వేసే లోపలే విచారణ ముగిసి, శిక్ష కూడా ఖరారవుతుంది.

నాది ఉప్పునుంతల. ఉద్యోగం పేరుతో ఏడాది పొడుగునా, ఎండా వానా చలీ అనకుండా, అచ్చంపేట దాకా పోయి వచ్చే ప్రాణిని. కనుక నా బండి మీద ఏడాది పొడుగునా మట్టి ఉంటుంది. "ఏంది సారూ, బండి గిట్ల పెట్టుకున్నవ్? జర కడిగించరాదూ!" అని అడగని మనిషి లేడు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ చెబుతున్నాను. నేను బండి కడిగించను. కడగవలసినవి కడుగుతాను. ఈ రెంటికీ తేడా తెలియకనే మనం బోలెడు నీళ్లూ, బోలెడు డబ్బులూ, అప్పుడప్పుడు ప్రాణాలూ పోగొట్టుకుంటున్నాం.

ముందు ఈ మట్టి సంగతి చూడండి. మా వైపు చల్క నేలలున్నాయి, రేగడి నేలలూ ఉన్నాయి. చల్క ఎరుపు అంటే ఇనుము తుప్పు రంగే. రాళ్లు శిథిలమై వచ్చిన సన్న ఇసుక అందులో కలిసి ఉంటుంది. ఎండాకాలమంతా ఇది పౌడరులా లేచి, చమురు తగిలిన ప్రతిచోటా పీట వేసుకొని కూర్చుంటుంది. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాయో, పౌడరు కాస్తా లేపనమవుతుంది. రేగడి సంగతి మరీ ఘోరం. తడిస్తే బంక, ఎండితే ఇటుక. నాట్ల రోజుల్లో ట్రాక్టర్లు మళ్లలోని బురదను చక్రాలకు చుట్టుకొని వచ్చి తారురోడ్డు మీద ఒలకపోస్తాయి. దుందుభి వాగు ఇసుక మోసే ట్రాక్టర్లు దారి పొడుగునా కొంత దానం చేసి పోతాయి. చలికాలం తెల్లవారుజామున మంచు తడి, దాని మీద దుమ్ము. శివరాత్రి దాటితే మళ్లీ మొదటికి. నా బండి మడ్‌గార్డు లోపల గీరి చూస్తే పొరలు పొరలుగా పోయినేడాది పంచాంగం కనిపిస్తుంది.

ఈ మట్టి విషయంలో మన జనం రెండు పార్టీలు. రెండు పార్టీల మీదా నాకు తగాదా ఉంది.

మొదటిది తళతళ పార్టీ. ఈ పార్టీవారు పొద్దున్నే పాత బనీను ముక్క తీసుకొని పొడిగా ట్యాంకును రుద్దుతారు. ఆ దుమ్ములో ఉన్నది ఇసుక. పొడిగుడ్డతో ఇసుకను రంగు మీద రుద్దడమంటే ఉప్పుకాగితం పెట్టి రుద్దడమే. దుమ్ము తనంతట తాను ట్యాంకు మీద కూర్చుంటే పదేళ్లయినా గీత పడదు. మనవాడి ప్రేమ వల్ల ఏడాదికే ట్యాంకు నిండా సాలెగూడు గీతలు పడతాయి. అప్పుడు పాలిష్ కొంటాడు.

అంతటితో ఆగుతాడా? వారానికోసారి వాటర్ సర్వీసింగుకు తీసుకుపోతాడు. అక్కడ కుర్రాడు పైపు పట్టుకొని, ఏనుగును స్నానం చేయించినట్టు, ఆ జోరుతోనే చక్రం ఇరుసు మీద కొడతాడు, చైను మీద కొడతాడు, హ్యాండిలు మెడ మీద కొడతాడు. బేరింగుల పక్కనుండే రబ్బరు సీళ్లు వాన చినుకుల్ని ఆపడానికి పెట్టినవి, ఆ ధారను ఆపడానికి కాదు. నీరు లోపలికి పోతుంది, గ్రీజు బయటికి వస్తుంది. పైన మట్టి పోయింది, లోన తుప్పు మొదలైంది. డ్రమ్ము బ్రేకులో నీళ్లు నిలిస్తే మొదటి నాలుగు నొక్కుళ్లకు బ్రేకు పట్టదు. ఆ సంగతి చెప్పే నాథుడు అక్కడ ఉండడు. చివర మెరుపు కోసం డీజిల్ పిచికారీ కొడతారు. అది రబ్బరును ఉబ్బిస్తుంది, బ్రేకు లైనింగు మీద పడితే దాన్ని పాడు చేస్తుంది, పైగా ఊరు దాటే లోపల దారిలోని దుమ్మునంతా పేరంటానికి పిలిచినట్టు పిలుస్తుంది. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు అన్నది ఈ బండిని చూసే అయ్యుంటుంది.

ఇక నీళ్ల మాట. బోరు వేస్తే నీరు పడుతుందా, పడిన నీరు ఎండాకాలం దాకా నిలుస్తుందా అని దేవుళ్లకు మొక్కుకునే పాలమూరు సీమ మాది. బతుకుతెరువు కోసం ఊళ్లకు ఊళ్లు వలసపోయిన చరిత్ర మాది. మర్నాడు పొద్దునకు మళ్లీ పట్టే దుమ్ము కోసం ఇక్కడ నీళ్లు ధారపోయడాన్ని నేను శుభ్రత అనను, మదం అంటాను.

రెండోది "మట్టి ఏం చేస్తదిలే" పార్టీ. వీళ్లు బండిని ఏడాదికి ఒక్కసారి, దసరాకు కడుగుతారు. ఆ రోజు కుంకుమ బొట్లు, బంతిపూల దండ, చక్రం కింద నిమ్మకాయ. మిగతా రోజులు బండి దానిది, మనిషిది మనిషిది. నన్ను చూసి వీళ్లు తమ పార్టీ అనుకుంటారు. కాదు బాబూ, కాదు. ట్యాంకు మీద మట్టి కనిపించే మట్టి. చైను మీదది కరిచే మట్టి.

చమురులో కలిసిన ఇసుక మామూలు మురికి కాదు, సానపట్టే ముద్ద. చైను తిరిగినంతసేపూ అది లింకుల్ని, స్పాకెట్ పళ్లను తింటూనే ఉంటుంది. చైను సాగుతుంది, వదులవుతుంది, ఒకనాడు పళ్ల మీంచి జారి చక్రానికి చుట్టుకుంటుంది. చక్రం బిగుసుకుపోతే మనిషి ఎక్కడ పడతాడో, వెనక ఏ లారీ వస్తున్నదో దైవాధీనం. ఇంజను రెక్కల సందుల్లో పేరుకున్న మట్టి గాలి తగలనీయక ఇంజనుకు కంబళి కప్పుతుంది. గాలి ఫిల్టరు మూసుకుపోతే బండి గుట్ట ఎక్కలేదు. ఫిల్టరు చిరిగితే ఇంకా అన్యాయం, దుమ్ము సిలిండరులోకి పోయి రింగుల్ని అరగదీస్తుంది, వెనక పొగబండిలా పొగ. మడ్‌గార్డు లోపలి మట్టి తడిని పట్టి ఉంచుతుంది. పొడి మట్టికి ఇనుమంటే పగ లేదు, తడి మట్టికే ఉంది.

వెనక లైటు మీది మట్టి అన్నిటికంటే ఘోరం. పగలు దాన్ని ఎవరూ పట్టించుకోరు. రాత్రి అదే మనిషి ఆయువు. మట్టి పట్టిన ఎర్రలైటు వెనకవాడికి ఆరిపోయిన అగ్గిపుల్లలా కనబడుతుంది, అదైనా కనబడితే. నంబరు ప్లేటు మీద మాత్రమే భద్రంగా మట్టి పెంచుకునే ఘనులు వేరే ఉన్నారు. వాళ్ల బండిలో మిగతా భాగమంతా అద్దంలా ఉంటుంది. వాళ్లది మట్టి సమస్య కాదు, చలానా సమస్య. వదిలేద్దాం.

"మరి దొరల దేశాల్లో బండ్లు రోజూ కడుగుతారటగా?" అని ఒక మిత్రుడు నన్ను ఇరుకున పెట్టబోయాడు. కడుగుతారు, వాళ్లకు కారణముంది. మంచు పడే దేశాల్లో రోడ్డు మీద గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఉప్పునీళ్లు ఇనుమును కొరుక్కుతింటాయి, కనుక చలికాలం బండి నడిపేవాడు కడుక్కోక చస్తాడా! మా ఊరికి పేరులో ఉప్పు ఉంది గాని రోడ్డు మీద లేదు. వాడి జబ్బుకు వాడు మందు వేసుకుంటే, జబ్బు లేని మనం ఆ మందు తాగడమెందుకు?

అసలు ఈ మట్టి రోడ్డు మీదికి ఎట్లా వచ్చింది? ఈ ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. బండి మురికి చేసుకున్నందుకు నన్ను నిలదీసే ఊరు, కేజ్‌వీల్స్ విప్పకుండా తారురోడ్డు ఎక్కి రోడ్డును దున్నిపోయే ట్రాక్టరును నిలదీయదు. మొరం లోడు మీద పట్టా కప్పకుండా పోయేవాడిని అడగదు. మలుపులో జారిన బురద మీద తొలివాన పడితే అది రోడ్డు కాదు, సబ్బురాయి. రెండు చక్రాల మనిషికి పక్కన గోడలు లేవు, తల మీద కప్పు లేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. వాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోతున్నవాళ్లే. అన్నిటికీ మట్టే కారణమని నేను అనను. కాని మలుపులో పారబోసిన రెండు తట్టల బురద ఎవరి ఇంటి దీపం ఆర్పుతుందో ఎవరూ చెప్పలేరు. రైతు కష్టం నాకు తెలియనిది కాదు, మాదీ వ్యవసాయమే. రోడ్డెక్కేముందు చక్రాలు మార్చి, రాలిన బురదను పారతో పక్కకు తీస్తే పావుగంట పని. ఆ పావుగంట అడిగితే మనం చెడ్డవాళ్లం అవుతాం. బండి కడుక్కోమని అడిగితే మంచివాళ్లం!

కనుక నా పద్ధతి చెబుతాను. వానాకాలంలో వారానికోసారి, ఇంజను చల్లారాక, ఒక్క బకెట్ నీళ్లు. మడ్‌గార్డు లోపల పుల్లతో గీరి, ఇంజను రెక్కల సందులు కడగడం. కడిగాక నాలుగడుగులు మెల్లగా నడిపి బ్రేకు ఆరబెట్టడం. చైనును పాత టూత్‌బ్రష్షుతో శుభ్రం చేసి, తుడిచి, ఆయిలు వేయడం. ఎండాకాలంలో గాలి ఫిల్టరు. ఏ కాలమైనా, ఇల్లు కదిలే ముందు ముందులైటు, వెనకలైటు తడిగుడ్డతో ఒక తుడుపు. ట్యాంకు మీద దుమ్ముందా? ఉండనీయండి. అది మా ఊరి నేల, నాతోపాటు నాలుగూళ్లు చూసొస్తున్నది.

ఇకమీదట నన్ను "బండి ఎప్పుడు కడిగిస్తవు సారూ?" అని అడగకండి. "చైను చూసినవా? బ్రేకు పడుతున్నదా? ఎనక లైటు కనపడుతున్నదా?" అని అడగండి. అట్లా అడిగేవాడు నా క్షేమం కోరినవాడని నమ్ముతాను. చాయ్ కూడా నేనే తాగిస్తాను.