రేవు నీరు అందరిదీ

పరిశుభ్రత అనగానే మనకు వుజూ, గుసుల్ గుర్తుకొస్తాయి. మన మలమూత్రాలు పదిమంది దిగే నీటిలో కలిస్తే ఏమవుతుందో ఈజిప్టు చరిత్ర చెబుతుంది. నైలు కాలువల్లో దిగే రైతులను తరతరాలుగా పీడించిన బిల్‌హార్జియా వ్యాధికి మూలమైన పురుగును 1851లో కైరోలో థియోడర్ బిల్‌హార్జ్ అనే జర్మన్ వైద్యుడు కనుగొన్నారు. రోగి మలమూత్రాలతో దాని గుడ్లు నీటిలో చేరతాయి. పిల్లపురుగులు నత్తల్లో పెరిగి, నీటిలో దిగినవారి చర్మం గుండా ఒంట్లో ప్రవేశిస్తాయి. మూత్రాశయం, కాలేయం దెబ్బతింటాయి.

ప్రాజిక్వాంటెల్ మాత్రతో పురుగు చస్తుంది. కానీ అదే నీటిలో మళ్లీ దిగితే వ్యాధి తిరగబెడుతుంది. ఈజిప్టు దీన్ని చాలావరకు అదుపు చేసింది. నేటికీ రోగుల్లో అత్యధికులు ఆఫ్రికాలోని పేదలే. మరుగుదొడ్డి, మంచినీరు కల్పించకుండా మాత్రలు పంచి చేతులు దులుపుకుంటే చాలదు.

నీటి రేవుల వద్ద మలవిసర్జన చేయరాదని దైవప్రవక్త (సఅసం) వారించారు. ఆ హితవులో మన శుచి మాత్రమే కాదు, రేపు ఆ నీటిలో దిగే పొరుగు బిడ్డ ఆరోగ్యం కూడా ఉందని మనం గ్రహించాలి.