మురుగుకాలువకు ఏ ఊరి హద్దు ఆ ఊరికే కట్టవలెను

హైదరాబాదుకు దిగువన మూసీ క్రింద వరి, పారాగడ్డి, ఆకుకూరలు పండించువారికి నగరపు మురుగునీరే సేద్యపు నీరు. ఎండాకాలములోను ఈ నీరు ఆగదు. ఇందు నత్రజని, భాస్వరము కూడ కలవు. కావున మురుగునీరు వలదనుట మా అభిప్రాయము కాదు. అందులో కర్మాగారములు ఏమి కలుపుచున్నవో, ఎంత కలుపుచున్నవో తేల్చవలెననియే మా మాట.

ఇండ్లనుండి వచ్చు మురుగును శుద్ధికేంద్రములో సూక్ష్మజీవులు తిని తేర్చును. సీసము, కాడ్మియము, క్రోమియము వంటి లోహములను అవి హరింపజాలవు. లోహము కొంత నీటివెంట పొలమునకు వచ్చును. మిగిలినది అడుగు మడ్డిలో చేరును. ఆ మడ్డిని ఎరువుగా తోలుకొన్నచో అదియు పొలమునకే చేరును. కరిగిన ఉప్పులు నీటితోనే వచ్చి నేలను చౌడు చేయును.

హద్దులు లేకపోలేదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమములలోని సాధారణ ప్రమాణముల ప్రకారము, కర్మాగారము నదిలోనికి వదలు నీటిలో సీసము లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదు. మురుగుకాలువలోనికైతే 1 మిల్లీగ్రాము వరకు వదలవచ్చును. లెక్క వేసి చూడుడు. దినమునకు 10 లక్షల లీటర్లు వదలు కర్మాగారము ఈ హద్దు దాటకయే దినమునకు 1 కిలో సీసమును కాలువలో పోయవచ్చును. అట్టివి పది యున్నచో 10 కిలోలు. ఎవరును నియమము తప్పలేదు; చెడునది మాత్రము పొలము. తిలాపాపము తలా పిడికెడు!

పట్టికలో పేరే లేని పదార్థముల సంగతి వేరు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రము వదలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించిరి. 2009లో ఆ కేంద్రపు నీటిని 18 కిలోమీటర్ల గొట్టపు మార్గమున మళ్ళించి, నగరపు మురుగుతో కలిపి అంబర్‌పేట శుద్ధికేంద్రమునకు పంపసాగిరి. సాధారణ ప్రమాణములలో ఆ మందుకు హద్దే లేదు.

అమెరికాలో 1978 నాటి నియమములనుబట్టి పట్టణ శుద్ధికేంద్రములు స్థానిక హద్దులను కట్టుకొనుచున్నవి. శుద్ధికేంద్రము ఎంత తాళును, మడ్డి ఎరువుకు పనికివచ్చునా, దిగువ నీరు ఎంత భరించును అని ముందు లెక్కగట్టి, ఆ మొత్తమునే కర్మాగారములకు పంచుదురు. మన రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికిని సాధారణ ప్రమాణములకంటె కఠినమైన హద్దులు విధించు అధికారము కలదు. ఆ అధికారమును వాడవలెను.

ఖర్చు ఎక్కువయని యజమానులు అనవచ్చును. కర్మాగారపు తొట్టిలోనే సున్నము కలిపి లోహమును అడుగుకు దింపవచ్చును. నగరపు మురుగంతటిలో కలిసిన పిమ్మట వేరుచేయుట ఎవరి తరము? ఆ ఖర్చును కర్మాగారము పెట్టనిచో పొలము పెట్టుకొనును.

కావున మీ నీటిలోని, మట్టిలోని ఉప్పులను భూసార పరీక్షా కేంద్రములో చూపించుకొనుడు. లోహముల పరీక్ష చేయించుడని గ్రామసభలో తీర్మానించి మండలికి పంపుడు. ‘మా పొలము ఎంత భరించునో లెక్కవేసి హద్దు కట్టితిరా?’ అని అడుగుడు. అడుగుట మీ హక్కు.