పాలకుని పలుకు

పాలకులు కోపావేశమున నాడిన మాటలను పట్టుకొని వారిపై జాతిసంహారదోషము మోపుట తగదని కొందఱు వాదించుచున్నారు. మాట వేఱు, చేత వేఱట. యుద్ధకాలమున నోరు జాఱుట మానవసహజమట. వినుటకు ఉదారముగనే యున్నది. కాని సంతలో సామాన్యుడు తిట్టిన తిట్టును, సేనయు ఖజానాయు చేతనున్నవాడు పలికిన పలుకును ఒక్కటేయని చెప్పు ధర్మశాస్త్రమును మేమెచ్చటను చదివి యుండలేదు.

1948 డిసెంబరు 9వ తేదీన ఐక్యరాజ్య సమితి యామోదించిన ఒడంబడికలో మాటకు రెండు తావులు గలవు. జాతిసంహారమునకు జనులను బహిరంగముగ, ప్రత్యక్షముగ పురికొల్పుట దానంతట నదియే నేరమని మూడవ నిబంధన. పురికొల్పినంతనే చాలును, హత్య జరుగనక్కఱలేదు. ఇక హత్యలు జరిగినచో, అవి యొక జాతిని పూర్తిగనో కొంతగనో రూపుమాపు సంకల్పముతో జరిగినవని ఋజువు కావలెను. సంకల్పము మనస్సులోనిది. సేనలు చేసిన పనులనుబట్టియు, ఆజ్ఞ లిచ్చినవారి నోటిమాటలనుబట్టియు గాక న్యాయాధిపతి దానిని మఱియెట్లు చూడగలడు? పాలకులకు మినహాయింపు లేదని నాలుగవ నిబంధన స్పష్టముగ చెప్పుచున్నది.

రువాండాలో 1994వ సంవత్సరమున సుమారు 100 దినములలో లక్షలకొలది టుట్సీలు చంపబడిరి. తాబా యను ప్రాంతమునకు మేయరైన అకయేసు, ఏప్రిల్ 19వ తేదీన గుమిగూడిన జనులయెదుట టుట్సీల పేరెత్తలేదు. ‘ఇంకొటాన్యీ’లకు తోడ్పడువారిని మట్టుపెట్టవలెనని మాత్రమనెను. అది తిరుగుబాటు సైనికుల పేరు. అయినను విన్నవారు టుట్సీలనియే గ్రహించిరి. వారట్లు గ్రహింతురని అతడెఱుగును. అరూషాలోని అంతర్జాతీయ ధర్మాసనము 1998 సెప్టెంబరు 2వ తేదీన ఈ మాటల కాతనిని దోషిగ నిర్ణయించెను. మన జిల్లాకోర్టులలో బెదిరింపు కేసు విచారించు మేజిస్ట్రేటు సైతము నిఘంటువు తెఱవడు. విన్నవాడేమి గ్రహించెనో యడుగును. రెండు దినముల పిమ్మట ఆ దేశపు ప్రధానమంత్రి కంబండాకు యావజ్జీవశిక్ష పడినది. హత్యలకు ప్రేరేపించు రేడియోను శత్రువుపై అత్యవసరమైన ఆయుధమని పొగడుటయు అతడొప్పుకొన్న నేరములలో నున్నది.

పరుషవాక్య మెల్ల నేరమని మేమనుట లేదు. 1946లో న్యూరెంబర్గున స్ట్రైఖరు ఉరితీయబడెను (అతడును మావలె వారపత్రిక నడపినవాడే). రేడియోలో ప్రసంగించిన ఫ్రిట్జె విడువబడెను. మాట లన్నియు చెవినిబెట్టి, వానిని తూచిన పిమ్మటనే యిట్లు తేల్చిరి. తూచనే వలదనువారితోనే మా తగవు.

2023 అక్టోబరు 7వ తేదీన హమాసు ఘోరహత్యలు గావించెను. రెండు దినములకు ఇజ్రాయెలు రక్షణమంత్రి గలాంటు, గాజాకు విద్యుత్తు, ఆహారము, ఇంధనము ఉండవని ప్రకటించి, తాము పోరునది మానవమృగములతో ననెను. అది హమాసు నుద్దేశించిన మాటయేయని సమర్థకులు చెప్పిరి. హమాసుకు మాత్రమే ఆకలి కలిగించు ముట్టడి యెక్కడ నున్నది? హేగు న్యాయస్థానము 2024 జనవరి 26వ తేదీన ఈ మాటలను తన తాత్కాలికాజ్ఞలో నెత్తి చూపి, జాతిసంహార ప్రేరేపణను అడ్డగించి శిక్షింపవలెనని ఇజ్రాయెలును ఆజ్ఞాపించినది. 16 మంది న్యాయమూర్తు లనుకూలురు, ఒక్కరు ప్రతికూలురు. జాతిసంహారము జరిగినదని ఆనాడు తేల్చలేదు. ఆవేశపు మాటలని త్రోసివేయనును లేదు.

ఇక మన సంగతి. 1946లో ఈ విషయమును సమితి ముందుంచిన మూడు దేశములలో క్యూబా, పనామాలతో పాటు భారతదేశ మొకటి. 1959లో ఒడంబడికను ధ్రువపఱచితిమి. అందుకు తగిన చట్టము చేయవలెనని అయిదవ నిబంధన కోరుచున్నది. 1984 నాటి సిక్కుల హత్యల కేసులో ఢిల్లీ హైకోర్టు, జాతిసంహారము మన శిక్షాస్మృతిలో నేరముగ లేదనియు, ఆ లోపమును సత్వరము సవరింపవలెననియు 2018 డిసెంబరు 17వ తేదీన వ్రాసినది. 2023లో శిక్షాస్మృతి యంతయు తిరుగ వ్రాయబడెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. అందునను ఆ నేరమునకు చోటు దొరకలేదు. ఇంత విమర్శ జరిగినను ఇదెట్లు విడిచిపోయెనో మన పార్లమెంటు సభ్యులు సమాధానము చెప్పవలసి యున్నది.