గంటల లెక్క, చదువుల అప్పు

ఒడిశాలోని కొడలలోనైనా బరంపురంలోనైనా మధ్యతరగతి ఇంటికి విదేశీ చదువంటే ముందు బ్యాంకు అప్పు. మిగతాది అక్కడ పనిచేసి తీర్చుకోవచ్చన్నది ఆశ. ఆ ఆశకు చట్టం గంటలు కొలిచి పెట్టింది. తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్ బయట పని కెనడాలో 2024 నవంబరు నుంచి వారానికి 24 గంటలే. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి రెండు వారాలకు 48. అమెరికాలో ఎఫ్-1 వీసా విద్యార్థికి తొలి ఏడాది బయట ఉద్యోగమే లేదు, లోపల వారానికి 20 గంటలు.

విద్యార్థి వీసా చదువు కోసమే కదా అన్న వాదన సబబే. రాత్రంతా పనిచేసినవాడు పొద్దున తరగతిలో ఏం వింటాడు? పరిమితి ఉండాల్సిందే. కానీ స్థానికుల కంటే బాగా ఎక్కువ ఫీజు తీసుకుని, బతకడానికి దారులు మూసేస్తే పిల్లలు దొడ్డిదారి వెతుకుతారు. 2019 జనవరిలో మిషిగన్‌లో గుట్టు బయటపడ్డ ఫార్మింగ్టన్ అనే నకిలీ విశ్వవిద్యాలయం అలాంటివారి కోసం అమెరికా అధికారులే పన్నిన వల. ఆ ఏడాదిలో సుమారు 250 మంది విద్యార్థులు అరెస్టయ్యారు. అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారు చాలామంది. అక్కడ తరగతులు జరగవని తెలిసే చేరారన్నారు అధికారులు. కొందరు తెలిసే చేరి ఉండవచ్చు. అయినా ప్రభుత్వమే బడి పేరు పెట్టి ఫీజు వసూలు చేయడం అన్యాయం. బయటి పనిని హద్దుల్లోనైనా చట్టబద్ధం చేసిన కెనడా, ఆస్ట్రేలియాల దారే మేలు. తల్లిదండ్రులారా, అప్పు కాగితంపై సంతకానికి ముందు పార్ట్‌టైమ్ జీతాన్ని సున్నా వేసి లెక్క చూడండి.